గోంగూర మడికి కంచె: ముందు దొంగెవరో తేల్చుకోండి

పెరటి తోటల మీద చేసిన ఎపిసోడ్ తర్వాత వాయిస్ మెసేజ్‌లు చాలా వచ్చాయి. ఎక్కువమందిది ఒకటే గోడు. మార్చిలో కిటికీ పక్కన గ్లాసుల్లో గింజలు వేసి, పైన లైటు కట్టి, చంటిపిల్లల్లా సాకి, విక్టోరియా డే లాంగ్ వీకెండ్ దాకా ఆగి నారు బయట నాటారు. రెండు రోజులు తిరక్కుండానే మొదళ్లు మిగిలాయి. బ్రాంప్టన్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, చిక్కుడు మొలకలు కత్తెరతో కోసినట్టు పోయాయి. ఎంత ఎత్తు నెట్ కొనమంటావు?" అన్నాడు. "తిన్నదేంటో చూశావా తమ్ముడూ?" అంటే, "చూళ్లేదన్నా, ఏదైతే ఏముంది, నెట్ వేస్తే ఏదీ రాదు కదా" అన్నాడు.

ఆ మాట మీదే ఈ వ్యాసం. ఆడియోలో టైం సరిపోక వదిలేసినవి కూడా ఇక్కడ రాస్తున్నాను.

మన ఊళ్లో అయితే జూన్‌లో పోతే జూలైలో మళ్లీ విత్తుకుంటాం. ఇక్కడ అలా కాదు. టొరంటో చుట్టుపక్కల మే సగం దాకా మంచు భయం, అక్టోబర్ వస్తే మళ్లీ మంచు భయం. గోంగూర, బెండ, బీర, సొర ఇవన్నీ వేడి కోరే మొక్కలు. జూన్ మొదట్లో నారు పోయిందంటే ఆ ఏడాదికి ఆ మడి పోయినట్టే. వారానికి అరవై గంటలు పని చేసి, ఆదివారం పూట అరగంట ఆ నాలుగు మొక్కల దగ్గర నిలబడితే ప్రాణం లేచొచ్చే మనుషులకి అది చిన్న నష్టం కాదు. అందుకని కంచె గురించి వివరంగానే చెప్తాను. నేను వ్యవసాయం చదువుకున్నవాణ్ణి కాను. ఐటిఐలో ఫిట్టర్ ట్రేడ్, ముందు గల్ఫ్‌లో సైట్లు, ఇప్పుడు ఒంటారియోలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. స్తంభం ఎలా నిలబడుతుంది, జాలీ ఎక్కడ తెగుతుంది, చలికి నేల ఏం చేస్తుంది అన్నది నా రోజువారీ పని. ఆ వైపు నుంచే చూస్తాను.

కంచె దాటడానికి జంతువుకి దారులు నాలుగే. సందులోంచి దూరడం, కింద నుంచి తవ్వడం, పైకి ఎక్కడం, ఎగిరి దూకడం. కుందేలు దూరుతుంది. గ్రౌండ్‌హాగ్ తవ్వుతుంది, అవసరమైతే ఎక్కుతుంది కూడా. రాకూన్, ఉడత ఎక్కుతాయి. జింక దూకుతుంది. ఒకదాని కోసం కట్టిన కంచె ఇంకోదానికి అడ్డే కాదు. 8 అడుగుల జింకల నెట్ వేసినా దాని కన్నం పెద్దదైతే కుందేలు పిల్ల మధ్యలోంచి నడిచి వెళ్తుంది. 2 అడుగుల కుందేలు జాలీని జింక చూసినట్టు కూడా చూడదు. కాబట్టి షాపుకి వెళ్లే ముందు పోలీసు పని చేయాలి.

ఆనవాళ్లు చూడటం కష్టమేం కాదు. కుందేలు కొరికిన కాడ ఏటవాలుగా, బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంటుంది. జింకకి పైదవడలో ముందుపళ్లు ఉండవు, మన ఆవులకీ మేకలకీ లేనట్టే. అది కొరకలేదు, పట్టుకుని లాగుతుంది. అందుకే కాడ చివర పీచుపీచుగా చిరిగి ఉంటుంది, పైగా నడుము ఎత్తు మొక్కల కొసలు కూడా పోతాయి. పట్టపగలు మడి మడి అంతా సాఫ్ అయి, షెడ్డు కిందో డెక్ కిందో అడుగు వెడల్పు బొరియ, దాని గుమ్మం ముందు మట్టి కుప్ప కనిపిస్తే అది గ్రౌండ్‌హాగ్. మన పందికొక్కుకి పెద్దన్న అనుకోండి, మన పిల్లి అంత ఉంటుంది, ఇంకా లావు. మొక్కజొన్న పొత్తులు రేపు కోద్దాం అనుకున్న రాత్రే కర్రలు విరిచి తింటే రాకూన్. టమాటా ఒక్క కొరుకు కొరికి కంచె మీద పెట్టి పోతే ఉడత. ఇది చూస్తే ఒళ్లు మండుతుంది, పూర్తిగా తిన్నా బాధ ఉండదు.

అయినా తేలకపోతే సాయంత్రం మడి చుట్టూ తడి ఇసుక పల్చగా పరచండి, లేదా ముగ్గుపిండి చల్లండి. పొద్దున్న అడుగులు చదువుకోవచ్చు. రాకూన్ ముందు పాదం చిన్న పిల్లాడి అరచేయిలా పడుతుంది. జింకది రెండుగా చీలిన గిట్ట. కుందేలువి పెద్దవైన వెనక పాదాలు రెండూ పక్కపక్కన, ముందు కాళ్ల కంటే ముందుకు పడతాయి.

మన తమ్ముడి చిక్కుడు మొలకలు ఏటవాలుగా నున్నగా తెగి ఉన్నాయి. ఫొటో పంపమంటే పంపాడు. కుందేలే. ఒంటారియో ఊళ్లలో ఇళ్ల మధ్య తిరిగేది కాటన్‌టెయిల్ అనే చిన్న రకం. దీనికి 2 అడుగుల ఎత్తు చాలు, మామూలుగా అంతకంటే ఎత్తు దూకి లోపలికి రావాలనుకోదు. కన్నం మాత్రం అంగుళం మించకూడదు. 2 అంగుళాల కన్నంలోంచి పిల్లలు దూరిపోతాయి. లోపల మేసి లావై బయటికి రాలేక అక్కడే ఉండిపోతే అదొక తలనొప్పి. కాల్గరీ, ఎడ్మంటన్ వైపు ఉన్నవాళ్లు ఈ లెక్క వేసుకోకండి. అక్కడ వీధుల్లో తిరిగేది వైట్‌టెయిల్డ్ జాక్‌రాబిట్, కాళ్లు పొడుగు, మనిషి వద్దన్నా గంతేస్తుంది. దానికి 3 అడుగులు తక్కువ కాకుండా వేయండి.

ఇక అసలు సంగతి, కంచె అడుగుభాగం. ఇక్కడ నేను చూసిన పెరటి కంచెల్లో పది మంది వేసుకుంటే ఎనిమిది మంది జాలీని నేలకి ఆనించి వదిలేస్తారు. పైన మాత్రం నిటారుగా, అందంగా ఉంటుంది. నేల ఎక్కడా లెవెల్‌గా ఉండదు. రెండు స్తంభాల మధ్య చిన్న పల్లం చాలు, కుందేలుకి అది సింహద్వారం. అందుకని జాలీ అడుగు అంగుళాలు 12 లెక్కన బయటికి, అంటే తోట వైపు కాదు, జంతువు వచ్చే వైపు, ఎల్ ఆకారంలో వంచి నేల మీద పరచాలి. దాన్ని ఇక్కడివాళ్లు ఏప్రన్ అంటారు. గార్డెన్ స్టేపుల్స్ అని యూ ఆకారపు పిన్నులు దొరుకుతాయి, అడుగుకి ఒకటి చొప్పున దిగ్గొట్టండి. పైన కాస్త మట్టి, గడ్డి కప్పితే ఒక నెలలో గడ్డే దాన్ని పట్టేస్తుంది.

ఇది ఎందుకు పని చేస్తుందంటే, తవ్వే జంతువు కంచె మొదట్లోనే గోళ్లు వేస్తుంది. అడుగు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి సొరంగం వేద్దామన్న ఆలోచన దానికి రాదు. మొదట్లో తవ్వబోతే కాళ్ల కింద జాలీ తగులుతుంది, పక్కకి జరిగి మళ్లీ మొదట్లోనే తవ్వుతుంది, మళ్లీ జాలీ. నిలువుగా 6 అంగుళాలు పాతిపెట్టినా కుందేలుకి సరిపోతుంది. కానీ గ్రౌండ్‌హాగ్‌కి ఆ పాతిన దాని కింద నుంచి రావడం ఒక లెక్కే కాదు, నేల లోపలే కదా దాని కాపురం. దానికి ఏప్రనే మందు.

గ్రౌండ్‌హాగ్‌కి ఇంకో చిట్కా ఉంది. అది ఎక్కగలదు. ఎత్తు 3 అడుగులు ఉంచి, పై అడుగు జాలీని స్తంభాలకి కట్టకుండా కాస్త బయటికి వంచి వదిలేయండి. ఎక్కుతుంటే ఆ భాగం ఊగుతుంది, బరువుకి బయటికి ఒరుగుతుంది, అది వెనక్కి పడుతుంది. సూపర్‌వైజర్‌గా నాకు ఊగే కంచె చూస్తే చెయ్యి దురద పెడుతుంది, గట్టిగా బిగించాలనిపిస్తుంది. ఇక్కడ మాత్రం వదులుగా ఉండటమే పనితనం. ఏటా ఫిబ్రవరి 2న ఈ జంతువు బయటికొచ్చి వసంతం ఎప్పుడొస్తుందో చెప్తుందని ఇక్కడ పండగలా చేస్తారు. ఒంటారియోలో వియార్టన్ విల్లీ అని పేరున్నదే ఉంది. టీవీలో ముద్దుగానే ఉంటుంది, మన వంకాయ మొక్కల్లో కనిపించినప్పుడు ఉండదు. చలికాలమంతా బొరియలో నిద్రపోతుంది కాబట్టి, కంచె పని వసంతం మొదట్లోనే, నారు నాటక ముందే పూర్తి చేసుకుంటే మంచిది. ఒకసారి రుచి మరిగాక కంచె వేస్తే అది లోపలికి రావడానికి చాలా ఎక్కువ కష్టపడుతుంది.

జాలీ సంగతికొద్దాం. హోమ్ డిపోలోనో కెనడియన్ టైర్‌లోనో నిలబడితే మూడు నాలుగు రకాల రోల్స్ కనిపిస్తాయి. ఆరు పలకల కన్నంతో ఉండేది చికెన్ వైర్, మన కోళ్ల గూళ్లకి వేసే జాలీయే. తీగ సన్నం. కుందేలుని ఆపుతుంది, బడ్జెట్ తక్కువుంటే రెండు మూడు సీజన్లకి పర్వాలేదు. గ్రౌండ్‌హాగ్, రాకూన్ గట్టిగా లాగితే వంగిపోతుంది, నేలలో తడి తగిలే చోట ముందు తుప్పు పడుతుంది. రెండోది హార్డ్‌వేర్ క్లాత్. పేరులో క్లాత్ ఉందని బట్టల సెక్షన్‌లో వెతక్కండి, అది గట్టి ఇనుప జాలీ, అర అంగుళం చదరపు కన్నాలు, మామూలుగా 19 గేజ్ తీగ. నా ఓటు దీనికే, కనీసం నేల తాకే అడుగున్నర వరకైనా. మూడోది వెల్డెడ్ వైర్, కన్నం 2 బై 4 అంగుళాలు, 14 గేజ్. బలమైంది, చూడ్డానికి బావుంటుంది, కానీ ఆ కన్నంలోంచి కుందేలు పిల్ల వెళ్లిపోతుంది. దాన్ని అస్తిపంజరంలా పెట్టుకుని అడుగుభాగాన హార్డ్‌వేర్ క్లాత్ కట్టుకోవడం మంచి పద్ధతి. గేజ్ నంబర్ తక్కువైతే తీగ లావు అన్నది సైట్లో పనిచేసేవాళ్లకి తెలుసు, మిగతావాళ్లు గుర్తుపెట్టుకోండి. 19 కంటే 14 లావు.

గాల్వనైజింగ్ కూడా చూడండి. వెల్డింగ్ చేశాక జింకులో ముంచినదైతే అతుకుల దగ్గర కూడా పూత ఉంటుంది. ముందే పూత పూసిన తీగని తర్వాత వెల్డ్ చేస్తే అతుకు దగ్గర పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. లేబుల్ మీద రాసి ఉంటుంది, లేదా అతుకు దగ్గర వేలితో తడిమితే జింకు ముద్దగా తగులుతుంది. కట్టడానికి ప్లాస్టిక్ జిప్ టైలు వాడకండి. ఎండకి, మైనస్ చలికి పెళుసెక్కి టపటపా విరిగిపోతాయి. గాల్వనైజ్డ్ తీగ ముక్కలతో మెలేసి కట్టండి. మన సైట్లో రాడ్లకి కట్టే నల్ల బైండింగ్ వైర్ ఇంటికి తెచ్చుకుందామనుకునేవాళ్లకి: అది ఒక చలికాలం దాటేసరికి ఎర్రగా పొడైపోతుంది. గ్లోవ్స్ మర్చిపోకండి, కోసిన జాలీ కొసలు చేతుల్ని చీరేస్తాయి.

చవకగా నల్ల ప్లాస్టిక్ నెట్ కూడా అమ్ముతారు. జింకలకి పని చేస్తుంది, కుందేలు మాత్రం నిమిషంలో కొరికి పారేస్తుంది. వదులుగా మొక్కల మీద కప్పితే పక్షులు, గడ్డిపాములు చిక్కుకుని చస్తాయి. కప్పాల్సే వస్తే బిగుతుగా లాగి కట్టండి.

ఇప్పుడు స్తంభాలు. 3 అడుగుల జాలీకి చెక్క స్తంభాలు, కాంక్రీటు అక్కర్లేదు. యూ పోస్టు, టీ పోస్టు అని ఇనుప కడ్డీలు దొరుకుతాయి, 5 అడుగులవి తెచ్చి ఒకటిన్నర నుంచి రెండు అడుగులు దిగ్గొడితే చాలు. 6 అడుగులకి ఒకటి. మంచు కరిగాక ఏప్రిల్‌లో కొన్ని పైకి లేచినట్టు కనిపిస్తాయి, సుత్తితో రెండు దెబ్బలు వేయండి, అంతే.

ఎత్తు కంచెకి చెక్క స్తంభం పాతుతున్నారంటే అప్పుడు లెక్క వేరు. ఇక్కడ నేలలో నీళ్లు గడ్డకట్టి ఉబ్బి స్తంభాన్ని పైకి నెడతాయి. ఒక్కో చలికాలం కొంచెం కొంచెంగా, పన్ను ఊడినట్టు. దక్షిణ ఒంటారియోలో ఆ గడ్డకట్టే లోతుని 4 అడుగులుగా లెక్కేస్తాం, ప్రెయిరీల వైపు ఇంకా లోతు. స్తంభం గుంత ఆ లోతు దాటాలి. కాంక్రీటు పైన పుట్టగొడుగులా వెడల్పుగా వదలొద్దు, మంచుకి ఆ అంచే పట్టు దొరికి స్తంభంతో సహా లేపుతుంది. కింద వెడల్పు, పైన సన్నం ఉండాలి. ప్రెషర్ ట్రీటెడ్ చెక్కకి మామూలు మేకులు కొట్టొద్దు, దాంట్లోని రాగి మందు మేకుని తినేస్తుంది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ తీసుకోండి. ఇంకో మాట, ఎవరో పాత డెక్ విప్పి చెక్క ఊరికే ఇస్తున్నారని తెచ్చి కూరగాయల మడికి అంచు కట్టకండి. కెనడాలో 2003 చివరి దాకా ఇళ్లకి వాడిన ట్రీటెడ్ చెక్కలో ఆర్సెనిక్ ఉండేది. పాత రైలు పట్టాల దుంగలు కూడా అంతే, క్రియోసోట్ మందు.

గునపం ఎత్తే ముందు లొకేట్స్ పెట్టించుకోండి. ఇది అడుగు లోతు స్తంభానికైనా వర్తిస్తుంది. ఒంటారియోలో ఒంటారియో వన్ కాల్, బీసీలో బీసీ వన్ కాల్, ఆల్బర్టాలో యుటిలిటీ సేఫ్టీ పార్ట్‌నర్స్. ఇంటి యజమానికి ఖర్చేం లేదు, ఆన్‌లైన్‌లో అడిగితే మనిషి వచ్చి నేల మీద రంగు గీతలు, చిన్న జెండాలు పెట్టి వెళ్తాడు. పసుపు గ్యాస్, ఎరుపు కరెంటు, నారింజ ఫోన్ ఇంటర్నెట్, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగు. వారం పదిరోజులు ముందే అడగండి, మే నెలలో వాళ్లకి ఊపిరాడదు. సైట్లో లొకేట్ లేకుండా గడ్డపార ఎత్తనివ్వని మనవాళ్లే ఇంటికొచ్చి పెరట్లో పొడిచేస్తుంటారు. ఆ పసుపు పైపు మన పెరట్లోనూ అంతే లోతులో ఉంటుంది.

చలికాలం గురించి ఒక సంగతి. మనకి నేల మట్టం అంటే ఏడాది పొడుగునా ఒకటే. ఇక్కడ డిసెంబర్ వచ్చాక నేల లేస్తుంది. 2 అడుగుల కంచె దగ్గర గాలికి మంచు పోగుపడితే కుందేలు దాని మీద నడుచుకుంటూ లోపలికి దిగుతుంది. కూరగాయల మడికి అప్పుడు పోయేదేం లేదు. యాపిల్, చెర్రీ, మల్బరీ లాంటి చిన్న చెట్లు పెట్టుకున్నవాళ్లకే గండం. తినడానికి ఏం దొరక్క బెరడు చుట్టూ గీకేస్తాయి, బెరడు చుట్టూరా పోతే చెట్టు చచ్చినట్టే. మొదలు చుట్టూ హార్డ్‌వేర్ క్లాత్‌ని గొట్టంలా, కాండానికి తగలకుండా రెండు మూడు అంగుళాలు ఎడంగా పెట్టండి. ఎత్తు మీ పెరట్లో పడే మంచు మీద ఇంకో రెండడుగులు ఉండాలి. వోల్ అని ఎలక లాంటిది మంచు కింద సొరంగాలు వేసుకుని వచ్చి కొరుకుతుంది. దానికి పావు అంగుళం కన్నం కావాలి, అడుగు రెండంగుళాలు మట్టిలోకి దింపాలి.

జింకలు వచ్చే చోట ఉన్నవాళ్ల కష్టం పెద్దది. దానికి 8 అడుగులు కావాలంటారు, నిజమే. కానీ మన ఊళ్ల బైలాలు అంత ఎత్తు ఒప్పుకోవు. టొరంటోలోనూ కాల్గరీలోనూ ఇంటి వెనక కంచె మామూలుగా 2 మీటర్లే, అంటే ఆరున్నర అడుగులు. ఇంటి ముందు వైపు ఇంకా తక్కువ. మీ సిటీ పేరు, ఫెన్స్ బైలా అని వెతికి చదవండి. కొన్ని ఊళ్లలో ఏ మెటీరియల్ వాడాలో కూడా రాసి ఉంటుంది. టౌన్‌హౌస్ కాండోల్లో ఉన్నవాళ్లు కార్పొరేషన్ రూల్స్ కూడా చూడాలి.

ఎత్తు దొరకనప్పుడు జింక బుద్ధిని వాడుకోవాలి. ఇరుకు చోట దిగితే మళ్లీ బయటికి దూకలేనేమో అన్న భయం దానికి ఉంటుంది. అందుకే పెరడంతా చుట్టే పెద్ద కంచె కంటే, 6 అడుగుల వెడల్పు మడికి విడిగా కట్టిన 5 అడుగుల కంచె ఎక్కువ పని చేస్తుంది, ముఖ్యంగా లోపల పందిరి గుంజలు, తీగలు ఉంటే. దిగడానికి చోటు కనపడదు. ఇంకో మార్గం, 4 అడుగుల ఎడంలో రెండు పొట్టి కంచెలు. ఎత్తూ దూరమూ రెండూ ఒకేసారి దూకడం దానికి కష్టం. చెక్క పలకలతో అవతల ఏముందో కనపడకుండా చేసినా వెనకాడుతుంది. స్థలం ఉన్న పల్లె ఇంట్లో అయితే ఇవేవీ వద్దు, 8 అడుగులు వేసేయండి.

రాకూన్, ఉడతలకి మామూలు కంచె దండగ. అవి కంచెని నిచ్చెనలా వాడతాయి. టొరంటో సిటీ వాళ్లు రాకూన్ల కోసమే 2016లో తడి చెత్త డబ్బాలకి కొత్త తాళం డిజైన్ చేయించారు, అంత చేతివాటం వాటిది. వీటికి నాలుగు వైపులా పైకప్పుతో సహా బోను కట్టాల్సిందే. మొత్తం తోటకి కాదు, మీరు పోగొట్టుకోలేని మడికి మాత్రం. 2 బై 2 చెక్కలతో ఫ్రేమ్, దానికి అర అంగుళం హార్డ్‌వేర్ క్లాత్, పైన మూత బందులతో. మూతకి గడియ మాత్రం పెట్టినట్టు కాకుండా క్లిప్ హుక్ వేయండి, ఉత్త గడియని రాకూన్ ఎత్తేస్తుంది. తేనెటీగలు అర అంగుళంలోంచి వచ్చిపోతాయి. సొర, బీర పూతకి మాత్రం పగలు మూత తెరిచి ఉంచడమో, చేత్తో పుప్పొడి అంటించడమో చేయండి.

బేస్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్లు ఎక్కువమంది అడిగారు కాబట్టి చెప్తున్నాను, మీకు కూడా ఈ బోనే సరైనది. 4 బై 4 అడుగుల చెక్క పెట్టె, అడుగున జాలీ, పైన బోను. నేలలో ఏదీ పాతరు, ఇల్లు మారితే విప్పి వ్యాన్‌లో వేసుకుపోవచ్చు. అయినా ఓనర్‌కి ముందు మెసేజ్ పెట్టి, ఓకే అన్నది ఫోన్‌లో దాచుకోండి. నోటి మాట మీద పెరట్లో ఏదీ కట్టొద్దు.

పక్కింటివాళ్లతో కలిసి ఉన్న సరిహద్దు కంచె జోలికి వెళ్లే ముందు వాళ్లతో మాట్లాడండి. ఒంటారియోలో దీనికోసం లైన్ ఫెన్సెస్ యాక్ట్ అని పాత చట్టమే ఉంది, తగువు వస్తే ఫెన్స్ వ్యూయర్లు అని మన ఊరి పెద్దమనుషుల్లా వచ్చి చూసి తీర్పు చెప్తారు. కొన్ని సిటీలకి దాని బదులు సొంత బైలా ఉంది. మన మడి జాలీని వాళ్ల కంచెకి తగిలించకుండా రెండడుగులు లోపలికి వేసుకుంటే ఈ గొడవే లేదు.

బోను పెట్టి పట్టి దూరంగా వదిలేస్తే పోదా అని ఇద్దరు అడిగారు. ఒంటారియోలో అడవి జంతువుని పట్టుకుంటే కిలోమీటర్ లోపలే వదలాలి, అది చట్టం. కిలోమీటర్ అంటే అది రాత్రి భోజనానికి మీ ఇంటికే తిరిగొస్తుంది. విషం పెట్టడం నేరం. పక్కింటి పిల్లాడో కుక్కో తింటే ఇంక చెప్పేదేముంది.

ఇంకో అన్న అడిగినదానికి మాత్రం నేను కాస్త గట్టిగానే జవాబు చెప్పాను. "మన చేను దగ్గర పందులకి లాగినట్టు ఒక తీగ లాగి ప్లగ్‌లో పెడితే పోలా?" అన్నాడు. అన్నా, ఆ తీగ అక్కడా చట్టవిరుద్ధమే. అడవి పందుల కోసం రాత్రి లాగిన కరెంటు తీగ తగిలి, మోటారు వేయడానికి వెళ్లిన రైతులు చనిపోయిన వార్తలు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఏటా చదువుతున్నాం. ఒక్కోసారి తీగ లాగినవాడే, ఒక్కోసారి పక్క చేను వాడు. ఇక్కడ పెరట్లోకి బంతి కోసం పిల్లలు వస్తారు, మీటర్ చూసేవాడు వస్తాడు. మెయిన్స్ కరెంటు ఏ తీగకీ, ఎంతసేపటికీ, ఏ కారణానికీ తగిలించొద్దు.

అమ్మే ఎలక్ట్రిక్ ఫెన్స్ వేరే వస్తువు. దాంట్లో ఎనర్జైజర్ అనే పెట్టె సెకనుకో దెబ్బ చొప్పున, సెకనులో అతి చిన్న భాగం పాటు మాత్రమే కరెంటు పంపుతుంది. వోల్టేజ్ వేలల్లో ఉన్నా దెబ్బలో ఉండే శక్తి తక్కువ, మధ్యలో వదిలించుకునే వ్యవధి ఉంటుంది. మెయిన్స్ అయితే పట్టుకుని వదలదు. బీసీలో పళ్ల చెట్లు, తేనెపెట్టెలు, కోళ్లు పెట్టుకున్నవాళ్ల దగ్గరికి నల్ల ఎలుగులు వస్తాయి, అక్కడ ఇదొక్కటే ఆపుతుంది. 6,000 వోల్టులకి తగ్గకుండా ఉంచమంటారు, ఎర్త్ రాడ్ సరిగ్గా లేకపోతే ఎన్ని వోల్టులున్నా ఉత్తిదే. మొక్కజొన్నకి రాకూన్లు వస్తుంటే నేల నుంచి 6 అంగుళాల మీద ఒకటి, 12 అంగుళాల మీద ఒకటి, రెండు తీగలు చాలు. కానీ చాలా సిటీల్లో ఇళ్ల మధ్య ఎలక్ట్రిక్ ఫెన్స్, ముళ్ల తీగ రెండూ నిషేధం. పల్లె ప్రాంతంలో ఉన్నవాళ్లు కూడా ముందు మున్సిపాలిటీని అడిగి, సీఎస్ఏ గుర్తున్న పెట్టె కొని, హెచ్చరిక బోర్డు పెట్టి వేసుకోండి.

మన బ్రాంప్టన్ తమ్ముడికి చివరికి రాసిచ్చిన లిస్టు ఇది. మడి 10 బై 12 అడుగులు, చుట్టుకొలత 44. 50 అడుగుల రోల్ ఒకటి, 3 అడుగుల వెడల్పుది, అర అంగుళం హార్డ్‌వేర్ క్లాత్. 2 అడుగులు పైకి, 1 అడుగు బయటికి ఏప్రన్. మిగిలిన 6 అడుగులు గేటుకీ మూలల దగ్గర ఒకదాని మీద ఒకటి పడటానికీ. ఇనుప పోస్టులు మూలలకి 4, మధ్యల్లో 4, గేటు పక్కన 1, మొత్తం 9. స్టేపుల్స్ 50. గ్రౌండ్‌హాగ్ కూడా ఉందని తేలితే రోల్ వెడల్పు 4 అడుగులు, మిగతాదంతా అదే.

గేటు దగ్గర ఏప్రన్ వంచితే తలుపు తిరగదు. అక్కడ ఒక కాంక్రీట్ పేవర్ రాయి నేలకి సమంగా పరిచి, తలుపు దాని మీద అర అంగుళం ఎత్తులో తిరిగేలా బిగించమన్నాను. ఎంత బాగా కట్టిన కంచెలోనైనా కుందేలు ముందు వెతికేది గేటు కిందే.

ఆఖరి స్టేపుల్ కొట్టే ముందు లోపల గడ్డిని చేత్తో ఒకసారి తడిమి చూడమని కూడా చెప్పాను. వసంతంలో కాటన్‌టెయిల్ గడ్డిలోనే చిన్న గుంట చేసి బొచ్చు కప్పి పిల్లల్ని పెడుతుంది. తల్లి పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి పాలిచ్చి పోతుంది, మిగతా టైంలో దగ్గర కనపడదు కాబట్టి గూడు ఉందనే తెలియదు. అది లోపల ఉండగా మూసేస్తే పిల్లలు చస్తాయి. మూడు వారాల్లో అవే లేచి వెళ్లిపోతాయి. తమ్ముడు చూశాడు, టమాటా మడి మూలన నాలుగు పిల్లలున్నాయట. ఆ వైపు జాలీ కట్టకుండా ఆపి, మొలకల మీద బుట్టలు బోర్లించుకుంటున్నాడు. జూన్ రెండో వారంలో మూస్తానన్నాడు.